మధ్యాహ్నం బొమ్మలు

“ఇంజినీరింగు సదివే కూతురున్నాది నీకు. ఈ బొమ్మలేటే?”

నాగేంద్రబాబు నవ్వుతూనే అన్నాడు. కోపం తెలియని మనిషి. మధ్యాహ్నం నిద్రకి ముందు కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయి, వెతుక్కుంటూ వెనక వరండాలోకి వచ్చాడు. అంట్లు తోమిన చేతులు చీరకి తుడుచుకుని, ప్రసన్నలక్ష్మి గోడకి జారబడి ఫోను చూస్తోంది. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చే ఆ అరగంటే ఆమెది. మొగుడు భుజం మీంచి తొంగిచూసేసరికి దొంగతనంగా చింతపండు తింటూ దొరికిపోయిన పిల్లలా ఫోను బోర్లించేసింది. నలభై నాలుగేళ్లు వచ్చినా ఈ బోర్లించడం మాత్రం పోలేదు.

ఆ కార్టూను బొమ్మలు పంపింది కూతురు సుష్మ. విశాఖలో హాస్టల్లో ఉంటుంది. “ఒక్కటి చూడమ్మా, నచ్చకపోతే తిట్టు” అని మెసేజి పెట్టింది. మొదటిది చూసి ప్రసన్న నిజంగానే తిట్టుకుంది. అందులో నీలంరంగు పిల్ల ఒకతె. దాని గుండె ఒంట్లో ఉండదు, బయట తాడుకి వేలాడుతూ ఉంటుంది. అది ఉండే ఊళ్లో ఇళ్లకి దాహం వేస్తుంది. లేచి సముద్రం దాకా నడిచి, నీళ్లు తాగి, మళ్లీ వచ్చి తమ చోట కూర్చుంటాయి. చేపలొచ్చి గది అద్దెకి బేరమాడతాయి. ఎవరూ మాట్లాడరు, బేరమైనా కూనిరాగాల్లోనే. ఒక భాగంలో ఆ పిల్ల పది నిమిషాలూ మెట్లెక్కింది. పైన ఏమీ లేదు. చుట్టూ చూసి దిగొచ్చింది. కథ అయిపోయింది. ఇదేం కథ, తలా తోకా లేకుండా, అని విసుక్కున్న మనిషికి సాయంత్రం పోపు వేస్తున్నప్పుడు ఆ మెట్లే గుర్తుకొచ్చాయి. మర్నాడు ఇంకోటి చూసింది. ఆ తర్వాత మానలేదు.

ఏముంది అందులో అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది గానీ, ఆమెకి తెలుసు. పొద్దున లేచింది మొదలు ఆమె ముట్టుకున్న ప్రతిదీ దేనికో ఒకదానికి. పాలు కాఫీకి, కాఫీ అత్తకి, ఇస్త్రీ చొక్కా మొగుడికి. ఆ తర్వాత పలాస ఊరి చివర తమ జీడి ఫ్యాక్టరీకి పోయి, జీడిపప్పులో గుళ్లూ బద్దలూ ముక్కలూ వేరుచేసి గ్రేడింగు చేసే ఆడవాళ్ల మధ్య నిలబడి చూసుకోవడం సరుకుకి. అక్కడ ఊడ్చే మనిషికి కూడా కూలి ఉంది, ఆమెకి లేదు. ఓసారి నవ్వులాటగా అడిగితే, “యజమానురాలివి, నీకు జీతమేటే” అన్నాడు మొగుడు. ఆ యజమానురాలే మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చి చారు కాచాలి. నీలంపిల్ల ఊళ్లో మాత్రం ఏదీ దేనికీ పనికిరాదు. మెట్లెక్కాలనిపిస్తే ఎక్కడమే. ఎందుకెక్కావే అని అడిగే నాథుడు లేడు. ఆ కాసేపూ ప్రసన్నకి ఒళ్లు తేలికయ్యేది. ఆ నీలంపిల్లని ఆమె ప్రేమించింది, అంతకంటే వేరే మాట లేదు.

ఆదివారం టెక్కలి నుంచి ఆడపడుచు, ఆమె భర్త మోహనకృష్ణ భోజనానికొచ్చారు. పచ్చి జీడిపప్పు కూర వడ్డిస్తుంటే నాగేంద్రబాబు బావగారితో అన్నాడు: “మా ఇంట్లో ఇప్పుడు ఎల్కేజీ పిల్లున్నాది. మజ్జానం బొమ్మలెయ్యకపోతే దానికి తోచదు.” అందరూ నవ్వారు. ప్రసన్న కూడా నవ్వింది. వాళ్లు నవ్వినందుకు కాదు, తను నవ్వినందుకే ఆమెకి ఏడుపొచ్చింది. తనకి ప్రాణమైనదాన్ని వాళ్లతో పాటు తనూ వెక్కిరించింది. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట ఫోను ముట్టుకోలేదు. జీడిపప్పుకి పురుగు పట్టకుండా డబ్బాలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది.

“ఏటే పెసన్నా, బొమ్మలెయ్యవేటి?”

వరండా కిటికీలోంచి అత్త సరస్వతి గొంతు. ప్రసన్న సర్దుతున్న డబ్బా కింద పెట్టేసింది. పెళ్లయిన కొత్తలో, ఆడది పట్టపగలు కూకుంటే ఇంట్లోంచి లచ్చింతల్లి లేసి ఎలిపోతాది అని చెప్పిన మనిషి ఆవిడ. ఇది కూడా వెక్కిరింపే అనుకుంది.

“ఆ నీలంపిల్ల గుండె తాడు తెంపుకుని పారిపోయింది గదా. దొరికిందేటి మరి?”

కిటికీ పక్కనే ముసలమ్మ మంచం. ఊచల్లోంచి కోడలి భుజం మీదుగా మొదటి నుంచీ అన్నీ చూసేసిందట.

“నీకర్థమవుతన్నాదా అత్తా? గుండె బయటుండడం ఇడ్డూరంగా లేదూ?”

“ఇడ్డూరమేటే? జీడిపండుకి పిక్క బయటే గదా. పిక్క వలుసుకుని పండుని తోటలో పారేత్తాం మనం. ఆ ఊరోళ్లూ దాని గుండె మీదే కన్నేశారు, పిల్ల ఎవులికీ అక్కర్లేదు. అందుకే గుండె పారిపోయింది.”

అన్నిసార్లు చూసినా ప్రసన్నకి ఆ మాట తట్టలేదు. “ఇన్నాళ్లూ సెప్పలేదేటత్తా?” అంది.

“కూకోవద్దని నీకు సెప్పిన నోటితోనే, జరుగు నేనూ కూకుంటానని ఎలా సెప్పనే?” అంది సరస్వతి, మంచం మీద చోటు చేస్తూ.

అప్పట్నుంచి ఇద్దరూ చూశారు. అద్దెకి బేరమాడే చేపని చూసి, “అచ్చం అక్కుపల్లి కన్నమ్మే, తట్ట దించకుండానే తగువు” అని ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. కన్నమ్మ వారం వారం చేపలు తెచ్చే మనిషి. అత్తకి అంత నవ్వుందని ప్రసన్నకి ఇన్నేళ్లలో తెలియదు.

ఓ రోజు నాగేంద్రబాబు అన్నం తిని లేస్తూ అన్నాడు: “గ్రేడింగు కాడ ఇద్దరు మానేశారు. రేపట్నుంచి మజ్జానం కూడా రా. ఆ బొమ్మలంటావా, సాయంత్రం నేనే పెద్ద టీవీలో పెడతాను, అందరం కలిసి సూద్దాం. ఆ టైములో నువ్వు ఖాళీయే గదా.”

ప్రేమగానే అన్నాడు. చిక్కంతా అక్కడే. అరిచేవాడితో దెబ్బలాడవచ్చు, ప్రేమగా పట్టుకుపోయేవాడికి ఏం చెప్పాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఒకప్పుడు పొద్దుటి పూట కూడా ఇలాగే, జీడి సీజను అయ్యేదాకా రమ్మన్నాడు. ఏళ్లు గడిచాయి, ఆ సీజను అవలేదు. ఇప్పుడు ఈ అరగంట పోతే తిరిగి రాదని ఆమెకి తెలుసు.

“రాను బావా” అంది.

“ఏం?” నిజంగా తెలియకే అడిగాడు. ప్రసన్న నోటికి వరసగా సాకులొచ్చాయి. నడుం నొప్పనొచ్చు, ఎండనొచ్చు.

మంచం మీంచి సరస్వతి అందుకుంది. “నాకోసమేరా నాయినా. నాకా బొమ్మలు ఒక్క ముక్క బోధపడవు. అది పక్కన కూకుని సెప్పాల.” చెప్పి కొడుకు మొహం చూడకుండా గోడవైపు తిరిగింది.

“అమ్మకోసమా. అలా సెప్పాల గదా మరి” అన్నాడు నాగేంద్రబాబు. “అయితే వద్దులే, ఎవుల్నో సూత్తాను.”

అంతే, అరగంట దక్కింది. అక్కడితో ఊరుకోవచ్చు. జన్మలో అబద్ధమాడని అత్త తనకోసం ఆడినందుకు ప్రసన్నకి ఆవిడని వాటేసుకోవాలనిపించింది. కానీ అమ్మకోసం అనగానే అతను ఎంత తేలిగ్గా ఇచ్చేశాడు. ఇప్పుడు ఊరుకుంటే రేపట్నుంచి బొమ్మలు చూడడం కూడా అత్తకి చేసే సేవ అయిపోతుంది, కాళ్లు పట్టడంలాగా. ఆ అరగంట కూడా ఇంకొకరిదే అవుతుంది. అతను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వెళ్లింది.

“అత్త అబద్ధమాడతన్నాది బావా. ఆవిడకి నాకన్నా బాగా అర్థమవుతాది” అంది. “నాకు సూడాలనుంది. అందుకే రాను.”