తోడుగా వచ్చిన మనిషి

చుట్టాలంతా ఆమెను ఓడ డాక్టరమ్మ అనేవారు. నిజానికి ఆమె పళ్ళ డాక్టరు. భర్త పోయి, క్లినిక్కు మరొకరికి అప్పగించాక, ఏటా ఒకసారి పెద్ద ఓడెక్కి సముద్రం మీద తిరిగి రావడం అలవాటు చేసుకుంది. "మా వదినగారు నేల మీద పళ్ళు పీకింది, నీళ్ళ మీద ఖర్చు పెడుతోంది" అని మరిది హాస్యమాడేవాడు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. నవ్వి ఊరుకుంది. ఎందుకంటే చుట్టాల్లో ఎవరికి ఓడ ప్రయాణం తగిలినా ముందు తన గుమ్మమే తొక్కుతారని ఆమెకు తెలుసు.

అడగడమే ఆలస్యం, ఆమె అందుకునేది. "గది ఎప్పుడూ ఓడకి నట్టనడుమ తీసుకో. ముందు వైపు తీసుకున్నావంటే ఉయ్యాలే. డాన్సు హాలు కింద గది ఇచ్చారనుకో, నీ నెత్తిమీద గుర్రాలు పరిగెడతాయి. బాల్కనీ గది బాల్కనీ గది అంటారు, వద్దే వద్దు. సముద్రం చూడ్డానికి ఓడంతా ఉంది కదా!" భోజనం సంగతి ఎత్తితే ఇంకా ఖరాఖండిగా చెప్పేది. "పైన బఫే ఉంటుంది, దాని జోలికి పోకు. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డానికి అంత దూరం పోవాలా? కింద భోజనాల హాల్లో మొదటి పంక్తి అడుగు. రోజూ అదే బల్ల, అవే మొహాలు. నలుగురు మర్యాదస్తులు పరిచయమవుతారు." ఇక బట్టల గురించి ఆమె మాటకు తిరుగులేదు. "ఒక నల్ల గౌను, ఒక శాలువా, ఒక ముత్యాల దండ. చాలు. తళుకులు కుట్టినవి వేసుకెళ్ళావో, పాటలు పాడే మనిషివనుకుని స్టేజీ ఎక్కమంటారు."

ఆ ఏడు, ఎప్పుడూ ఆమెతో వచ్చే స్నేహితురాలు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. టిక్కెట్టు అప్పటికే కొనేశారు. మంచం మీదినుంచే స్నేహితురాలు అంది, "మీ చెల్లెల్ని తీసుకెళ్ళు. పాపం, ఆవిడ ఎప్పుడైనా ఎక్కడికైనా కదిలిందా?"

చెల్లెలికి బజారు వీధిలో చిన్న కుట్టు దుకాణం ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. అక్క చదువు కోసం చెల్లెలు చదువు మానుకుందనో, ఇల్లు నడపడానికి మిషనెక్కిందనో అనుకునేరు, అలాంటిదేమీ లేదు. చెల్లెలికి చదువంటే చిరాకు, గుడ్డ చూస్తే ప్రాణం. ఎవరి దారి వాళ్ళు ఇష్టపడి ఎంచుకున్నదే. ఒకరికొకరు బాకీ లేని అక్కచెల్లెళ్ళు వాళ్ళు.

ఓడ అనగానే చెల్లెలు చిన్నపిల్లయిపోయింది. దుకాణం కట్టేశాక కూర్చుని, తనకోసం ఒక గౌను కుట్టుకుంది. చిలకాకుపచ్చ రంగు, మెడ చుట్టూ, చేతుల అంచుకీ బంగారు తళుకులు. బయల్దేరే ముందు అక్క ఇంటికొచ్చి, సంచిలోంచి తీసి మంచం మీద పరిచింది.

"ఎలా ఉందక్కా?"

అక్క ఆ తళుకుల వంక చూసింది. కుట్టు దగ్గర వంక పెట్టడానికేమీ లేదు. "బాగుంది. ఎవరిదైనా పెళ్ళికి భలేగా ఉంటుంది" అంది.

చెల్లెలికి సగం అర్థమైంది. నవ్వుతూనే మడతపెట్టేసింది.

రేవులో ఓడెక్కే వరసలో అక్కకు మోకాలు సలిపింది. చెల్లెలు ఒక భుజాన తన గళ్ళసంచి, ఇంకో భుజాన అక్క హ్యాండుబ్యాగు తగిలించుకుని, అక్క పెట్టె కూడా లాక్కుంటూ నడిచింది. గళ్ళసంచిలోంచి ఉడికించిన గుడ్ల వాసన వస్తోంది. "అక్కడ తిండికి కరువా? ఎందుకు మోసుకొచ్చావు?" అని అక్క పళ్ళ బిగువున అడిగింది. "దారిలో ఆకలేస్తేనో?" అంది చెల్లెలు, అందరికీ వినిపించేలా. వెనక నిలబడ్డవాళ్ళెవరో నవ్వారు. ఆ నవ్వు అక్క వీపు మీద వాతలా తగిలింది.

గది నట్టనడుమే దొరికింది. అయినా చెల్లెలికి నీళ్ళు పడలేదు. ఓడ కదిలిందో లేదో కళ్ళు తిరిగి మంచం పట్టింది. మొదటి సాయంత్రం అక్క ఒక్కతే భోజనాల హాలుకు వెళ్ళింది.

ఆమె బల్ల దగ్గర ముగ్గురున్నారు. రిటైరైన ఒక జడ్జిగారు, ఆయన భార్య, భార్య పోయిన ఒక నగల వ్యాపారి. ముగ్గురూ ఎన్నోసార్లు ఓడలెక్కినవాళ్ళే. మాట కలవడానికి సూపు చల్లారేంతసేపు కూడా పట్టలేదు. ఏ ఓడలో చేప బాగుంటుందో, ఏ ఓడలో పరుపులు రాళ్ళో చెప్పుకుంటూ పోయారు. డాక్టరమ్మకు తన మనుషుల్లో పడ్డట్టనిపించింది.

ఇంతలో జడ్జిగారి భార్య అడిగింది. "వరసలో మిమ్మల్ని చూశానండీ. మీ సామాను మోసింది, ఆవిడెవరు? మీ దగ్గర పనిచేసే మనిషా?"

'మా చెల్లెలండీ.' రెండు ముక్కలు. నాలుక చివర దాకా వచ్చాయి. కానీ ఆ గళ్ళసంచీ, ఆ గుడ్ల వాసనా, ఆ నవ్వూ ఒక్కసారిగా అడ్డం పడ్డాయి.

"తోడుగా వచ్చింది. నాకు మోకాళ్ళ నొప్పులు కదా" అంది డాక్టరమ్మ.

అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ సందులోకి జడ్జిగారి భార్య తనకు తోచిన అర్థం దూర్చేసుకుంది. "మంచిపని చేశారు. ఈ రోజుల్లో నమ్మకమైన మనిషి దొరకాలంటే మాటలా!" అంది. డాక్టరమ్మ ఔననలేదు, కాదనలేదు. చేప ముక్కలో ముల్లు వెతుకుతూ తలొంచుకుంది.

మర్నాటికి చెల్లెలు కోలుకుంది. పొద్దున్నే డెక్ మీద తిరిగొచ్చింది. వస్తూనే తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అంది, "అక్కా, నేను ఆ కింద హాల్లో తినలేనే. ఆ ఫోర్కులూ చాకులూ నావల్ల కాదు. పైన బఫేలో తింటాలే. నువ్వు మీవాళ్ళతో తిను."

"అదేంటి, బల్ల నీకూ ఉంది కదా" అంది అక్క.

"వద్దులే."

అక్క మళ్ళీ అడగలేదు. గుండెల మీదినుంచి బండ దింపినట్టయింది. దింపినట్టయిందని తెలిసి, అద్దంలో తన మొహం తానే చూసుకోలేక కిటికీ వైపు తిరిగింది.

అలా రోజులు గడిచాయి. పగలంతా ఇద్దరూ కలిసే తిరిగేవాళ్ళు. భోజనం వేళకు ఒకరు పైకి, ఒకరు కిందికి. దారిలో జడ్జిగారి భార్య ఎదురైతే చెల్లెలు రెండడుగులు వెనక్కి తగ్గేది. అక్క దాన్ని చూసీ చూడనట్టు నడిచేది.

అందరూ ముస్తాబై రావలసిన విందు సాయంత్రం వచ్చింది. డాక్టరమ్మ నల్ల గౌను వేసుకుని, అద్దం ముందు ఒక చెవికి దుద్దు పెట్టుకుని రెండోది పెట్టుకోబోతోంది. తలుపు తట్టిన చప్పుడైంది. జడ్జిగారి భార్య, చేతిలో మొగుడి కోటు.

"ఏమీ అనుకోకండి డాక్టరుగారూ. సరిగ్గా ఈ వేళ చూసి గుండీ ఊడింది. మీ మనిషికి సూదీ దారం పట్టడం వస్తుందేమోనని..."

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే చెల్లెలు లేచి నిలబడింది.

"ఇటివ్వండమ్మా."

గళ్ళసంచిలోంచి డబ్బా తీసి, కోటు రంగుకు సరిపోయే దారం ఎంచుకుని, మంచం అంచున కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. జడ్జిగారి భార్య వంగి చూసింది.

"చెయ్యి మంచిదే! ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావు అమ్మగారి దగ్గర?"

"పుట్టినప్పట్నుంచీ అండీ."

"అంటే మీ అమ్మ కూడా వాళ్ళింట్లోనే చేసిందా?"

"అవునండీ" అంది చెల్లెలు, తలెత్తకుండా. "మా అమ్మ కూడా పోయేదాకా ఆ ఇంట్లోనే చేసింది."

దారం పంటితో కొరికి, కోటు దులిపి అందించింది. జడ్జిగారి భార్య మురిసిపోయి, మడిచిన నోటొకటి చెల్లెలి అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. చెల్లెలు కాదనలేదు. "వస్తానండీ డాక్టరుగారూ, హాల్లో కలుద్దాం" అంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. దుద్దు ఇంకా డాక్టరమ్మ వేళ్ళ మధ్యనే ఉంది.

"నీకెలా తెలుసు?" అంది చివరికి.

"ఆవిడే చెప్పింది, డెక్ మీద, నాకు తగ్గిన పొద్దున్న. 'డాక్టరుగారికి తోడుగా వచ్చావటగా' అని నవ్వుతూ పలకరించింది. నేను తలూపాను. కాదంటే నువ్వు అబద్ధాలకోరువవుతావు కదా."

"నేను పనిమనిషి అనలేదే..."

"అనలేదు. నాకు తెలుసు. అనే రకం కాదు నువ్వు." చెల్లెలు సూదిని డబ్బాలో పెట్టి మూత వేసింది. "వెళ్ళు, ఆలస్యమవుతోంది."

తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి ఉంటే ఇంకా బాగుండేది. అమ్మ మాట అంత చల్లగా ఎలా అనగలిగిందో తలుచుకుంటూ, గోడ పట్టుకుని, డాక్టరమ్మ హాలుకు నడిచింది.

బల్ల మీద పూలు పెట్టారు. జడ్జిగారు కోటు గుండీ చూపించి, "అసలు దానికంటే గట్టిగా కుట్టింది!" అన్నాడు. నగల వ్యాపారి నవ్వాడు. సర్వరు వచ్చి ఆమె ఒళ్ళో తెల్ల గుడ్డ పరిచాడు. ఆమె ఆ గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆవిడ మా చెల్లెలు" అంది. "నా తోడబుట్టింది. మొదటి రోజు మీరడిగితే చెప్పలేకపోయాను. సిగ్గుపడ్డాను."

జడ్జిగారు దగ్గాడు. నగల వ్యాపారి "పోనీలెండి, ఏదో..." అని మొదలుపెట్టి ఆపేశాడు. జడ్జిగారి భార్య మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"నా చేత్తో నేను డబ్బు పెట్టానే ఆవిడ చేతిలో! నువ్వు నువ్వు అని పిలిచానే! మీరు అక్కడే నిలబడి చూస్తున్నారు కదండీ! ఆ ఒక్క ముక్కా ముందే చెప్పొద్దా?"

ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికైనా డాక్టరమ్మకు దారి దొరకలేదు. ఆవిడ తప్పేముంది? "క్షమించండి" అని లేచింది. హాలంతా దాటి తలుపు చేరేసరికి తల తీసేసినట్టయింది.

లిఫ్టెక్కి పైకి వెళ్ళింది. బఫేలో నిక్కర్ల వాళ్ళూ, చెప్పుల వాళ్ళూ, పిల్లల్ని చంకనెత్తుకున్న వాళ్ళూ ట్రేలతో తిరుగుతున్నారు. నల్ల గౌనులో, ఒంటి చెవి దుద్దుతో వచ్చిన ఆమెను అందరూ వింతగా చూశారు. కిటికీ పక్క బల్ల దగ్గర చెల్లెలు, రోజూ కట్టే మామూలు బట్టల్లోనే, రొట్టె ముక్క తుంచుకుంటోంది. బయట ఇంకా వెలుగుంది.

అక్క ఎదురుగా కూలబడింది. "చెప్పేశాను వాళ్ళకి. నువ్వు నా చెల్లెలివని చెప్పేశాను."

చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా లేని బాధ అప్పుడు కనిపించింది ఆ మొహంలో.

"ఎందుకు చెప్పావక్కా?"

"చెప్పొద్దా మరి?"

"చెప్పకపోతే నేనెవర్ని? ఒక పనిమనిషిని. పనిచేసుకు బతకడంలో నాకు తప్పేం కనపడదు. గుండీ కుట్టాను, డబ్బిచ్చింది, తీసుకున్నాను. రోజూ చేసేదే." గొంతు తగ్గించింది. "ఇప్పుడు నేనెవర్ని? సొంత అక్క నలుగురిలో చెప్పుకోలేకపోయిన చెల్లెల్ని. రేపు వాళ్ళు నన్ను చూసి జాలిపడతారు. నా మొహం నేనెక్కడ పెట్టుకోను? నీ బరువు నువ్వు దింపుకున్నావు అక్కా. తెచ్చి నా నెత్తిన పెట్టావు."

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చెప్పేసి మంచిపని చేశానని లిఫ్టులో పైకి వస్తూ అనుకుంది కూడా. చెల్లెలు సంతోషిస్తుందని, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని, తాను దగ్గరికి తీసుకుంటుందని. చేసిన పని ఒక సిగ్గు, దిద్దిన తీరు ఇంకొక సిగ్గు.

"తప్పయిపోయిందే" అంది.

"ఊఁ" అంది చెల్లెలు. కాసేపటికి, "ఏమన్నా తిన్నావా?" అని అడిగింది.

"లేదు."

చెల్లెలు లేవబోయింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనే వెళ్ళి ట్రే తీసుకుని వరసలో నిలబడింది. ఏది ఎక్కడుందో తెలియక, గరిటె ఒక గిన్నెలోది ఇంకో గిన్నెలో పెట్టి వెనకాల ఆయనతో మాటపడింది.

మిగిలిన రోజులు ఇద్దరూ పైనే తిన్నారు. జడ్జిగారి భార్య ఒకసారి ఎదురొచ్చి, "మీరు నన్ను మన్నించాలండీ" అని చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది. చెల్లెలు అనుకున్నట్టే ఆ కళ్ళలో జాలి ఉంది. చెల్లెలు ఓర్చుకుని నవ్వింది. పక్కన నిలబడ్డ అక్క నేల చూపులు చూసింది.

ఇంటికొచ్చాక పైకి ఏమీ మారలేదు. చెల్లెలు ఫోను చేస్తే ఎత్తేది, మంచీ చెడ్డా మాట్లాడేది. తన దుకాణం కబుర్లు మాత్రం ఇదివరకులా దొర్లించేది కాదు. యూనిఫారం చేతులు పొట్టిగా కుట్టమని పోట్లాడిన హెడ్మాస్టరు గురించో, పొట్ట కొలవనివ్వని పిల్లాడి గురించో చెప్పి చెప్పి నవ్వే మనిషి, ఇప్పుడు అడిగితే "ఆఁ, నడుస్తోంది" అనేది. ఆ 'నడుస్తోంది' విన్నప్పుడల్లా డాక్టరమ్మకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

మరుసటి ఏడు స్నేహితురాలు ఇంకా కర్ర సాయంతోనే నడుస్తోంది. డాక్టరమ్మ చాలా రోజులు తటపటాయించి, ఒక మధ్యాహ్నం చెల్లెలి దుకాణానికి వెళ్ళింది. కత్తెర కింద నీలం గుడ్డ సాగుతోంది.

"ఈసారి కూడా వస్తావా? నీకు నచ్చిన చోటికే పోదాం. బల్లా గిల్లా ఏమీ వద్దు."

చెల్లెలు కత్తెర ఆపలేదు. "నాకు నీళ్ళు పడవక్కా" అంది మెల్లగా.

నీళ్ళ సంగతి కాదని ఇద్దరికీ తెలుసు. డాక్టరమ్మ బలవంతపెట్టలేదు. ఇంకో స్టూలు లాక్కుని, కింద పడుతున్న గుడ్డ కొనను ఎత్తి పట్టుకుంది. పట్టుకోవడం సరిగ్గా లేదని చెల్లెలు కళ్ళతోనే చెప్పింది. ఆమె సర్దుకుని, మళ్ళీ పట్టుకుని కూర్చుంది.