దీవెన చేతిలో ఉన్నంతసేపు

నేను ఒక బాస్కెట్‌బాల్‌ను. నన్ను కొత్తగా చూసిన వాళ్ళెవరైనా ముందు ఒకసారి నేలకేసి కొడతారు, ఆ తర్వాతే మంచిదో చెడ్డదో చెబుతారు. మనుషులు తమలో తాము ఇలా పరిచయం చేసుకోరని విన్నాను. అదృష్టవంతులు.

జలంధర్‌లోని ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. లోపల రబ్బరు తిత్తి, దాని చుట్టూ దారం, ఆ పైన ఎనిమిది ముక్కల నారింజరంగు తోలు. అన్నీ అతికించాక ఒకాయన సూది గుచ్చి గాలి కొట్టాడు. లోపల గాలి బిగుస్తున్నకొద్దీ, ఇంకొక్క దెబ్బకి పగిలిపోతానేమో అనిపించింది. దాన్ని భయం అంటారని అప్పటికి నాకు తెలియదు.

లారీలో, ఆ తర్వాత ఒక దుకాణం అటక మీద, ఆ తర్వాత గోదావరి కాలువ పక్కనున్న ఒక బాలికల గురుకుల పాఠశాలలో నా బతుకు సాగింది. అక్కడ సిమెంటు కోర్టు ఒకటి, రెండు స్తంభాలు, వల లేని రెండు ఇనప రింగులు ఉండేవి. వ్యాయామం టీచరు రత్నమాణిక్యం గారు నన్ను చంకలో పెట్టుకుని తీసుకొచ్చి పిల్లల మధ్యకి వేశారు.

మొదటి ఏడాది జట్టు చాలా సరదాగా ఓడిపోయేది. గెలిచింది ఒక్క ఆట, అదీ అవతలి జట్టు బస్సు చెడిపోయి రాలేదు కాబట్టి. ఎనిమిదో తరగతి వరాలు ఎడమ మూలకి పరిగెత్తి, ఎగిరి, నన్ను రింగు వైపు విసిరేది. పదిసార్లలో నాలుగు సార్లు పడేదాన్ని. మిగతా ఆరుసార్లూ అందరూ నవ్వేవాళ్ళు, వరాలు కూడా. హసీనా అనే పిల్లకి పాసు ఇవ్వడమంటే నన్ను ఎవరో ఒకరి మీదకి విసిరేసి కళ్ళు మూసుకోవడమే. కవలలు సుజి, సుమీల్లో ఒకళ్ళనుకుని ఇంకొకళ్ళకి నన్ను అందించేవాళ్ళు మిగతా పిల్లలు. ఆ అరచేతులన్నీ వెచ్చగా, దుమ్ముదుమ్ముగా ఉండేవి. నాకు మనుషులు వాళ్ళ అరచేతులతోనే గుర్తు.

ఆ మరుసటి జూన్‌లో బుట్టాయగూడెం వైపు నుంచి దీవెన వచ్చింది. పదో తరగతి, ఆటల కోటాలో సీటు. టీచరు కంటే జానెడు పొడుగు. మొదటి రోజు నన్ను ఒంటిచేత్తో నేల మీంచి ఎత్తింది. ఆ చెయ్యి పెద్దది, పొడిగా ఉంది, తడబాటు లేదు. అలాంటి చేతిలో ఉంటే ఎటు వెళతానో నాకు ముందే తెలిసిపోయేది. ఇంతకాలం నేను బంతినని ఊరికే అనుకున్నాను, ఆ రోజు నిజంగా అయ్యాను.

జట్టు గెలవడం మొదలుపెట్టింది. మండలం, డివిజను, జిల్లా. జిల్లా ఫైనల్లో మన జట్టు నలభై ఎనిమిది పాయింట్లు చేస్తే అందులో నలభై ఒకటి దీవెనవి. పేపర్లో ఫోటో వేశారు. దీవెన నిండా పడింది, అంచున ఎవరిదో మోచెయ్యి పడింది. ఆ మోచెయ్యి వరాలుది. వరాలు ఆ ముక్క కత్తిరించి, మోచేతికి పెన్నుతో బాణం గుర్తు వేసి ఇంటికి పంపించింది. వాళ్ళ అమ్మ దాన్ని పటం కట్టించిందట.

ఆ రోజుల్లోనే అరచేతులు మారాయి. దీవెన నుంచి నేను వరాలు దగ్గరికి వెళ్ళేసరికి ఆమె చేతులు చల్లగా, తడిగా ఉండేవి. సుజి, సుమీల వేళ్ళు వణికేవి. దీవెన ఎవరినీ తిట్టేది కాదు. ఎవరైనా నన్ను జారవిడిస్తే ‘చ్చ’ అనేది. అంతే. అది నాలుక చివర పుట్టే చిన్న చప్పుడు. కానీ ఆ చప్పుడు వినబడగానే నలుగురూ భుజాలు ముడుచుకునేవాళ్ళు. నన్ను పట్టుకుని రెండు క్షణాలు కూడా ఉండలేకపోయేవాళ్ళు. అందిన మరుక్షణం దీవెన ఎక్కడుందో వెతికి, నిప్పుకణికని వదిలించుకున్నట్టు ఆమెకి పంపేసేవాళ్ళు. వరాలు ఎడమ మూలకి వెళ్ళడం మానేసింది. ఒకరోజు పొరపాటున అక్కడ ఒంటరిగా దొరికింది. నేను చేతిలోనే ఉన్నాను. రింగు ఎదురుగా ఉంది. ఆమె గుండె నా తోలుకి తగిలి కొట్టుకుంటోంది. వెయ్యలేదు.

ఒక మధ్యాహ్నం రత్నమాణిక్యం గారు నన్ను చంకలో పెట్టుకునే ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళారు.

“దీవెన వల్ల మిగతా నలుగురూ పాడైపోతన్నారు మేడమ్. వరాలు బంతి వెయ్యడమే మర్చిపోయింది.”

“పాడైపోవడమేంటండీ? ఈ స్కూలు పేరు ఎవరికైనా తెలుసా ఆ పిల్ల వచ్చేదాకా? హసీనాని చూడండి, ఎంత చక్కగా అందిస్తోంది ఇప్పుడు.”

అదీ నిజమే. హసీనా ఇప్పుడు మనిషి ఉన్నచోటికి కాదు, మనిషి చేరబోయే చోటికి నన్ను పంపుతోంది. దీవెన అంత ఎత్తుకి ఎగిరేది కాబట్టే హసీనా అంత ఎత్తుకి అందించడం నేర్చుకుంది. టీచరు నన్ను రెండు చేతుల మధ్య కాసేపు తిప్పి, “సరేనండి” అని బయటికి వచ్చేశారు. ఒకే మనిషి వల్ల ఒకరు పెరిగి, ముగ్గురు కుంగిపోతే దాన్ని ఏమనాలో ఆమెకి తెలియలేదు, నాకూ తెలియదు.

రాష్ట్ర పోటీలకి ఇంకా పది రోజులుందనగా, ఆటసామాన్ల గదిలో నేను వల సంచిలో ఉన్నాను. దీవెన లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. నేల మీద కూర్చుని, ఎడమ కాలు చాపి, మోకాలికి తడిగుడ్డ చుట్టుకుంటూ పళ్ళ బిగువున ఏడ్చింది. అంత పెద్ద చేతులు అలా వణకడం నేను ఎన్నడూ ఎరగను. ఇంతలో వరాలు మిగతా బంతులు పెట్టడానికి తలుపు తోసింది.

“అక్కా! ఏంటిది? అంత వాచిపోయిందేంటి?”

“గట్టిగా అరవకు. ఎవరికైనా చెప్పావంటే చూడు.”

“మేడమ్‌కి చెబుదాం అక్కా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.”

“తీసుకెళ్తే ఆడొద్దంటారే! ఆడకపోతే నన్నిక్కడ ఎందుకుంచుతారు? ఇది ఆటల సీటు. ఇంటికి పంపేస్తే మా నాన్న ఈసారి బడి మొహం చూడనివ్వడు.”

“చెప్పను అక్కా,” అంది వరాలు.

చెప్పలేదు. ఆ పది రోజులూ మేం ముగ్గురమే ఆ రహస్యాన్ని మోశాం, అందులో ఒకదానికి నోరు లేదు. దీవెన ఎగిరి దిగాక నేను వరాలు చేతికి వచ్చిన ప్రతిసారీ ఆమె వేళ్ళు నన్ను మరింత గట్టిగా నొక్కేవి. నాకూ భయం పట్టుకుంది. ఆ మోకాలి మీదికి బరువు పడేది నా కోసమే కదా.

రాష్ట్ర పోటీలు ఒంగోలులో జరిగాయి. సెమీఫైనల్ రోజు రెండు జట్ల బంతుల్లో నన్నే ఆటకి ఎంచారు. ఇంకా నిమిషం నలభై సెకన్లు ఉంది. మనకి నలభై నాలుగు, వాళ్ళకి నలభై ఒకటి. దీవెన నన్ను రెండు చేతులా పట్టుకుని రింగు కింద ఎగిరింది. ఎవరూ తగల్లేదు. దిగేటప్పుడు ఆమె మోకాలి లోపల ఎండిన చితుకు విరిగినట్టు చప్పుడైంది. జనం గోలలో అది ఎవరికీ వినిపించలేదు. ఆమెకి, నాకు వినిపించింది. ఆమె నన్ను వదలకుండానే పడిపోయింది. రిఫరీ వచ్చి నా మీది నుంచి ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది.

ఆమెను గీత బయట పడుకోబెట్టారు. ఆమె స్థానంలో ఇంకో పిల్ల వచ్చింది. విజిల్ మోగింది.

ఆ నిమిషం నలభై సెకన్లంత పొడుగు కాలం నా బతుకులో మరొకటి లేదు. బంతి చేతికొచ్చాక ఇరవై నాలుగు సెకన్లలో రింగు వైపు వెయ్యాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. మనవాళ్ళు వెయ్యలేదు. సుజి నుంచి సుమికి, సుమి నుంచి హసీనాకి, హసీనా నుంచి వరాలుకి, మళ్ళీ సుజికి. ఎవరి చేతిలోనూ నేను నిలవలేదు. ప్రతి అరచెయ్యీ మంచులా ఉంది. అలవాటుకొద్దీ హసీనా ఒకసారి ఎవరూ లేని ఎత్తుకి నన్ను పంపింది. దీవెన ఉండాల్సిన చోటు అది. ఖాళీలోంచి వెళ్ళి గీత దాటాను.

వాళ్ళు రెండు చేశారు. ఇంకో రెండు చేశారు. నలభై అయిదు, నలభై నాలుగు.

ఆఖరి ఆరు సెకన్లు. నేను వరాలు చేతిలో ఉన్నాను. పక్కన ఎవరూ లేరు. “వెయ్యవే!” అని టీచరు అరుస్తున్నారు. వరాలు రింగు వైపు చూడలేదు. గీత బయట పడుకున్న దీవెన వైపు చూసింది. నన్ను పొట్టకి అదుముకుని, గట్టిగా కళ్ళు మూసుకుంది. హారన్ మోగింది.

ఆసుపత్రికి వ్యానులో వెళుతున్నంతసేపూ వరాలు నన్ను వదల్లేదు. ఎవరూ వదలమనలేదు.

డాక్టరు మోకాలు నొక్కి చూసి అడిగారు: “ఇది ఇవాళ్టి వాపు కాదమ్మా. ఎన్నాళ్ళ నుంచి?”

దీవెన గోడ వైపు తిరిగింది.

“పది రోజుల నుంచండి,” అంది వరాలు. “నాకు తెలుసండి. నేనే చెప్పలేదు.”

రత్నమాణిక్యం గారు ఆమె వైపు తిరిగారు. “ఎందుకు చెప్పలేదే? కాలు పోయుంటే?”

“అక్కంటే భయమండి.” వరాలు నన్ను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. “అక్క లేకుండా ఆడాలంటే ఇంకా భయమండి.”

దీవెన నెమ్మదిగా ఇటు తిరిగింది. “నేనంటే భయమా? నేనెప్పుడేమన్నానే మిమ్మల్ని?”

“ఏమీ అనలేదక్కా. ‘చ్చ’ అంటావు.”

దీవెన మొహం చూస్తే, మోకాలి నొప్పికంటే ఇదే ఎక్కువగా తగిలినట్టుంది.

“అది మిమ్మల్ని కాదే,” అంది చివరికి. “బంతి జారినప్పుడల్లా మేచ్ పోద్దేమో, మేచ్ పోతే సీటు పోద్దేమో అని... నాకు భయమేసేది. దానికి వచ్చే చప్పుడే అది.”

మర్నాడు ప్రిన్సిపాల్ గారు ఒంగోలు వచ్చారు. దీవెన మొదట అడిగింది సీటు గురించే. ఆవిడ తెల్లబోయారు. ఆటల కోటాలో ఒకసారి చేరితే పదో తరగతి అయ్యేదాకా ఎవరూ తీసెయ్యరట, కాలు విరిగినా, అసలు ఆట మానేసినా. అది కాగితం మీద రాసే ఉందట. ఆ ఒక్క ముక్క ఆ పిల్లకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. అడగాలంటే ఆమెకి ధైర్యం చాలలేదు. లేని ప్రమాదానికి ఒక మనిషి వణికితే, ఆమెని చూసి నలుగురు వణికారు. మనుషులు నాలో గాలి ఎంతుందో రోజూ నొక్కి చూసుకుంటారు. పక్కవాళ్ళని మాత్రం అలా చూడరు.

ఆపరేషనయ్యాక దీవెన చంకకర్రలతో బడికి వచ్చింది. సాయంత్రాలు కోర్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె అందరికీ ఆట నేర్పుతుందని టీచరు అనుకున్నారు. ఆమెకి నేర్పడం చేతకాలేదు. “అలా ఎగరాలే... ఎలాగంటే... నాకెలా వస్తదో నాకే తెలీదే!” అని నవ్వేసేది. నేర్పింది హసీనా. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు చెయ్యి చాపాలో ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. దీవెన చేసింది ఒక్కటే, వరాలు వెయ్యడానికి తటపటాయించినప్పుడల్లా, “తప్పినా నాకేం కాదు, వెయ్యి” అనేది. మొదటి నెలంతా వరాలు భయపడుతూనే వేసింది. తప్పినవే ఎక్కువ. పరీక్షలు రాసి దీవెన కాలేజీకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆడుతోంది గానీ మునుపటంత ఎత్తుకి ఎగరదని విన్నాను.

నా చివరి ఆట ఆ మరుసటి ఏడాది, జిల్లా సెమీఫైనల్. అప్పటికి నా తోలు అరిగి నున్నగా అయింది. దీవెన లేని జట్టు అంతదూరం రావడమే గొప్పని జనం అన్నారు. అయిదుగురూ పాయింట్లు చేశారు, కానీ ఏ ఒక్కరివీ పన్నెండు దాటలేదు. దీవెన ఉండి ఉంటే హాయిగా గెలిచేవాళ్ళమని ప్రిన్సిపాల్ గారు అన్నారు. అందులోనూ అబద్ధం లేదు.

ఒక్క పాయింటు వెనకబడి, ఇంకా మూడు సెకన్లే మిగిలి ఉండగా హసీనా నన్ను వరాలుకి అందించింది. ఆమె అరచేతులు ఎప్పటిలాగే చల్లగా, తడిగా ఉన్నాయి. భయం ఎక్కడికీ పోలేదు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, నేను జారిపోతానేమో అనుకున్నాను. ఎగిరింది. వేసింది.

నేను రింగు అంచు మీద రెండు చుట్లు తిరిగాను. లోపలికి పడాలని నా తోలు మీద మిగిలిన ప్రతి బొడిపెతోనూ ప్రయత్నించాను. బయటికి పడ్డాను. హారన్ మోగింది.

అవతలి జట్టు కేకలు వేస్తోంది. వరాలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. హసీనా దొర్లిపోతున్న నన్ను ఆపి, చంకలో పెట్టుకుని ఆమె పక్కకి వచ్చింది.

“మళ్ళీ ఇలాంటిదే వస్తే బంతి నీకే ఇస్తానే.”

వరాలు తల ఎత్తింది.

“ఇవ్వు,” అంది.