తూర్పు దిద్దిన పటం

కుడికంట్లో శుక్లం తీయించుకున్న అక్క, రెండో కంటి సంగతి ఎత్తగానే అడ్డం తిరిగింది.

"ఈ కంటితో అరుంధతి కనిపిస్తేనే ఆ కన్ను చేయించుకుంటా. లేకపోతే ఆసుపత్రి గడప తొక్కను."

సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన నలుసంత ఉండే చుక్క అది. ఎడమకంట్లో శుక్లం ముదిరిపోతోందని డాక్టరు తొందరపెడుతున్నాడు. దాంతో చుక్కను వెతికే పని నా మీద పడింది.

ఊరు, తేదీ, వేళ నింపితే ఆకాశపటం ఇచ్చే వెబ్‌సైటు ఒకటి దొరికింది. ప్రింటు తీసి చూస్తే పైన ఉత్తరం, ఎడమపక్క తూర్పు. ఇంత పని చేసినవాళ్లకు దిక్కులు తెలియవా అని జాలిపడి, తూర్పు కొట్టేసి పడమర, పడమర కొట్టేసి తూర్పు రాశాను.

చీకటి పడగానే అక్క, బావ, నేను మేడెక్కాం. దిద్దిన పటం ప్రకారం సప్తర్షులు వాయవ్యాన ఉండాలి. అక్కడ నిజంగానే ఏడు మెరుస్తున్నాయి. అక్క కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది.

"మీ రుషుల్లో ఒకాయన ఆరిపోయాడేవిటి?" అన్నాడు బావ.

అవి కొత్తగా కడుతున్న భవనం మీది బల్బులు.

"బల్బులకి మొక్కించావు కదరా" అంది అక్క. "అరుంధతీ లేదు, ఏమీ లేదు. పదండి కిందకి."

"ఉండవే." బావ నా చేతిలో పటం లాక్కుని చూశాడు. "ఏవయ్యా, దీన్నెందుకు కెలికావు?"

"తూర్పు ఎడమకుంటుందా బావా?"

బావ దర్జీ. "చొక్కా తిరగేస్తే కుడిచెయ్యి ఎడమకి రాదూ? నేల పటం పైనుంచి చూస్తాం, దీన్ని కిందనుంచి. మనం ఆకాశానికి లోపల, అస్తరు వైపున్నాం" అంటూ కాగితాన్ని నెత్తిమీద బోర్లా పట్టుకున్నాడు. ఉత్తరాన్ని ఉత్తరానికి తిప్పేసరికి, నేను కొట్టేసిన తూర్పు తిన్నగా తూర్పుకే వచ్చి కూర్చుంది.

ఏడుగురూ ఈశాన్యాన ఉన్నారు.

"తోక చివరినుంచి రెండోది వసిష్ఠుడు..." అనబోయాను.

"నాకు చెప్పొస్తున్నావా" అంటూ అక్క ఎడమకన్ను మూసుకుంది. తల అటూ ఇటూ వంచి వెతికింది. బావ కాగితం దించడం కూడా మరిచిపోయాడు.

"ఉందిరా" అంది మెల్లగా.

"ఏ పక్కన?"

చెయ్యెత్తి చూపించింది. ఫోన్లో ఆ వెబ్‌సైటు పటాన్ని పెద్దది చేసి చూశాను. సరిగ్గా అటే ఉంది. నేను ఎంత చికిలించినా వసిష్ఠుడు ఒంటరిగానే కనిపించాడు.

"అక్కా, ఇందాక బల్బులకి పెట్టిన దణ్ణం ఎవరికి చేరినట్టు?"

"చేరాల్సినవాళ్లకే చేరుతుంది. నువ్వు దిద్దకు." బావ వైపు తిరిగింది. "ఏవండీ, రేపు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. నా ఎడమకన్ను అని చెప్పండి. వీడికి ఏ కన్నో వాళ్లనే చూసి చెప్పమనండి."