శబ్దం చొరని గది

ఆమె పుస్తకాలు చదివి రికార్డు చేసేది. వీధి రొద లోపలికి రాకూడదని భర్త ఇంట్లో ఓ చిన్న గదికి తనే గోడల వెంబడి చెక్క చట్రాలు కట్టి, దూదిలాంటి ఇన్సులేషన్ దట్టంగా కూరి, పైన పలకలు బిగించాడు. "లోపల చీమ తుమ్మినా బయటికి వినబడదు" అంటూ వచ్చిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు.

వానలు తగ్గాక ఒకరోజు ఆడపడుచు ఫోన్ చేసింది. రికార్డింగులు సరిచేసే పని ఆమెదే.

"వదినా, గదిలోకి పిల్లి గానీ దూరిందా?"

"ఈ ఇంట్లో మీ అన్నయ్య తప్ప ఇంకెవరూ దొంగచాటుగా పాలు తాగరు. ఏం?"

"నువ్వు చదువుతుంటే వెనకాల సన్నగా ఈల వినబడుతోంది. ప్రతి పేజీలోనూ."

ఆమె నవ్వేసింది. మర్నాడు మాత్రం ఏసీ ఆపింది, బల్ల కింద వెతికింది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నోరు మెదపకుండా కూర్చుంది. ఈల వినబడింది. సన్నగా, చెవి పక్కనే ఎవరో ఉన్నట్టు. ఒళ్లు జలదరించి ఊపిరి బిగబట్టింది. ఈల ఆగింది. ఊపిరి వదిలింది. మళ్లీ మొదలైంది.

అది ఆమె ఛాతీలోంచే వస్తోంది.

డాక్టరమ్మ చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విన్నది. "ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందా?"

"చెమ్మేంటండీ, నా చేత్తో కట్టిన గది!" అన్నాడు భర్త, నిష్ఠూరంగా.

ఇంటికొచ్చాక అతడే ఏసీ కింది పలక ఊడదీశాడు. లోపల ఏసీ నీళ్లు పోయే పైపు చిట్లి చుక్కచుక్కగా కారుతోంది. తెల్లగా ఉండాల్సిన దూది నల్లగా బూజు పట్టి, ముద్దలుగా వేలాడింది. అతడి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఉక్రోషంతో రెండు చేతులా దూదిని పీకడం మొదలుపెట్టాడు. దీపం వెలుగులో నల్లటి పొడి పొగలా లేచింది.

"ఆపండి! బయటికి రండి!" అని అరవబోయి ఆమె దగ్గుతో గుమ్మంలోనే కూలబడింది.

ఆస్పత్రికి తోడొచ్చిన ఆడపడుచు పరుగున వచ్చి అన్నను బయటికి లాగి, తలుపు మూసి, సందులో తడిగుడ్డ కుక్కింది.

"అన్నయ్యా, ఆ పైపు ఎటు పోతుంది?"

అతడు పడగ్గదిలోకి నడిచాడు. భార్యకు నిద్ర చెడకూడదని అక్కడా తలగడల వెనక, ఆ పైపు వెళ్లే గోడకు, అప్పట్లో అవే పలకలు బిగించాడు. బొటనవేలితో ఓ పలకను నొక్కాడు. నానిన అట్టలా లోపలికి దిగిపోయింది.

"వదినా, పద మా ఇంటికి. బట్టలు కూడా ముట్టుకోకు."

ఆమె మెట్టుమెట్టుకీ ఆగి, ఆయాసం తీర్చుకుంటూ దిగింది.

గోడలు ఇటుకల దాకా ఒలిపించారు. ఊపిరితిత్తుల్లో పట్టిన బూజును అలా ఒలిచేయడం కుదరదని, ఎంత మిగిలిపోతుందో చెప్పలేనని డాక్టరమ్మ అంది. ఆమె గొంతుతో సగంలో ఆగిన పుస్తకాన్ని వేరెవరో చదివి పూర్తిచేశారు.