ఎర్ర తీగ

"నా ఎర్ర తీగ మళ్ళీ నువ్వే తీశావు," అన్నాడు లిఫ్టు మెకానిక్, పనిసంచి నేల మీద బోర్లించి.

భార్య తల దువ్వుకోవడం ఆపకుండానే తన జోలికి రావద్దంది. ఎప్పుడో ఒకసారి కిటికీ తెర కట్టడానికి తీసినందుకు జన్మంతా దెప్పుతారా అని అడిగింది. అతను తగ్గలేదు, ఆవిడా తగ్గలేదు. మూరెడు తీగ దగ్గర మొదలైన మాట, పోయినేడు విరిగిన గొడుగు దాకా పాకింది.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, మెకానిక్ తండ్రి, చదువుతున్న పేపరు దించాడు. "తీగ పోవడం నీ చేతిలో లేదురా. నోరు పారేసుకోకుండా ఉండటం నీ చేతిలో ఉంది."

ప్రాచీన గ్రీకుల స్టోయిక్ తత్వమంటే ఆయనకు ప్రాణం. తన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసుకున్నవాడే బాగా బతుకుతాడని రోజుకోసారైనా అనందే ఆయనకు ముద్ద దిగదు.

"మీ గ్రీకులు లిఫ్టు ఎక్కలేదుగా మామయ్యా, ఎన్నయినా చెప్తారు," అంది కోడలు.

లిఫ్టు మాట చెవిన పడగానే మెకానిక్ చెయ్యి ఆగిపోయింది.

నిన్న సాయంత్రం. పాత అపార్టుమెంటు మేడ మీది మెషీన్ గది. పరీక్ష కోసం తలుపు స్విచ్చిని తప్పించి ఆ తీగ వేశాడు. అది ఉన్నంతసేపు తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదిలిపోతుంది. మరిచిపోకూడదనే దానికి ఎర్ర రంగు. ఇంతలో ఫోను మోగింది. తీగ తియ్యకుండా, మాట్లాడుతూనే కంట్రోలు పెట్టె మూసి తాళం వేశాడు.

చొక్కా తగిలించుకుని బయటికి ఉరికాడు, గుండీలు మెట్లు దిగుతూ పెట్టుకున్నాడు. అపార్టుమెంటు వాచ్‌మన్ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. సందు మలుపులో లారీ అడ్డంగా నిలిచిపోయి బళ్ళన్నీ ఆగాయి. లారీవాణ్ణి తిట్టబోయి ఆగాడు. లారీ తన చేతిలో లేదు. ఫోనూ లేదు. కాళ్ళున్నాయి. తన మోటారు సైకిలు గోడకి ఆనించి పరుగెత్తాడు.

అపార్టుమెంటు మెట్లు ఎక్కుతుంటే, మూడో అంతస్తు దగ్గర లిఫ్టు తలుపు బార్లా తెరిచి ఉంది. పసిబిడ్డ బండిని లోపలికి తోస్తూ, పొరుగావిడతో నవ్వుతూ మాట్లాడుతోంది ఒకామె. ముందు చక్రాలు గడప దాటాయి. అతను ఒక్క ఉదుటున బండి పట్టుకుని వెనక్కి లాగాడు. పైనుంచి ఎవరో మీట నొక్కారు కాబోలు, తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పైకి వెళ్ళిపోయింది. బండి ముందు చీకటి గొయ్యి మిగిలింది.

ఆమె చేతులు జోడించింది. సమయానికి దేవుడిలా వచ్చావన్నయ్యా అంది. ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది. తలుపు మూసి, అక్కడి నుంచి కదలొద్దని చెప్పి, పైకెళ్ళి కరెంటు ఆపాడు. తీగ పీకి జేబులో కుక్కుకున్నాడు.

ఇల్లు చేరేలోగా సూపర్‌వైజరు ఫోను చేశాడు. అపార్టుమెంటు వాళ్ళు తెగ పొగిడారట, లిఫ్టు పాతదై పాడైందనుకుంటున్నారట. ఇదే తప్పుకి పోయిన నెల తోటి మెకానిక్‌ని ఇంటికి పంపించిన మనిషి ఆయనే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను తీగ కంచం పక్కన పెట్టి జరిగిందంతా చెప్పాడు. భార్య వడ్డించే గరిటె గిన్నెలోనే వదిలేసింది. మాస్టారు లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎవరూ చూడలేదుగా," అన్నాడు గొంతు తగ్గించి. "బిడ్డకేమీ కాలేదు. నోరు మెదపకు. ఉద్యోగం పోతే ఏం తింటావురా?"

కొడుకు తలెత్తి తండ్రిని చూశాడు. అంత భయం ఆయన ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

"బిడ్డకేమీ కాకపోవడం నా చేతిలో లేదు నాన్నా," అన్నాడు. "ఉద్యోగం ఉంచడమూ నా చేతిలో లేదు. భోంచేసి ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్తాను. ఆ తర్వాత ఆఫీసుకి. తీగ నాదేనని చెప్తాను."

భార్య గరిటె తీసుకుని అతనికి మరికాస్త వడ్డించింది.