అరిగిన రబ్బరు తొడుగులు

మా మేనకోడలి కర్మాగారంలో చేతికర్రలు తయారవుతాయి. ఇంతకాలం ఒకే రకం, మగవాడి గుప్పిటికి సరిపడే లావు పిడితో. ఆడవాళ్ల కోసం సన్నని పిడి కర్రను వేరే రకంగా తయారు చేయాలని నాలుగేళ్లుగా నేను పోరుతున్నాను. విదేశీ కంపెనీ ఒకటి మా కర్రలను తన పేరుతో ఈ దేశమంతా అమ్మడానికి ముందుకు రావడంతో ఆ అవకాశం చేతికందింది. ఒప్పందంలోని ఏడో షరతు దాన్ని తీసేసింది: పాత రకం ఒక్కటే చేయాలి.

కారణం ఒక పటం. కంపెనీ తరఫున వచ్చిన మార్కెటింగ్ అధికారి దాన్ని గోడ మీద వెలిగించి చూపాడు. మనుషులు ఎంతవరకు ఎవరికి వారుగా బతుకుతారో, ఎంతవరకు నలుగురితో కలిసి బతుకుతారో చెప్పే అంకె ఒకటి ప్రతి దేశానికీ ఉంది. మాది ‘నలుగురితో’ అన్న వైపు చిట్టచివర కనిపించింది.

“మీ దగ్గర పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకునే బయటికి వెళ్తుందండీ. కర్రతో పనేముంటుంది?” అన్నాడు. మా భాష చక్కగానే నేర్చుకున్నాడు. “మీ బిల్లులు చూడండి. నూటికి తొంభై మంది మగవాళ్లే కొన్నారు.”

“పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా నాయనా?” అన్నాను.

“అత్తా, కాస్త ఆగు,” అంటూ మేనకోడలు బల్ల కింద నా కాలు తొక్కింది. సరిగ్గా నొప్పి ఉన్న కాలే.

ముప్పై ఒక్క సంవత్సరాలు గణాంకశాస్త్రం బోధించినదాన్ని. అబద్ధపు అంకెను కొట్టిపారేయడం సులభం. ఇక్కడ అంకె నిజమే, దాని నుంచి తీసిన అర్థమే తప్పు. అలాంటప్పుడు ఆ తప్పు ఎక్కడ దొర్లిందో చూపాలి.

“మీ దేశంలో చేతికర్ర ఎవరు కొంటారు?”

“వాడేవాళ్లే. ఇంకెవరు కొంటారు?”

“ఇక్కడ తల్లి వెళ్లి కర్ర కొనుక్కుంటే నలుగురిలో కొడుకు తల తీసేసినట్టే. అందుకే వాడు కొంటాడు. బిల్లు వాడి పేర ఉంటుంది, మోకాళ్లు మాత్రం ఆవిడవి.”

అతడి కలం ఆగింది. ఒప్పుకుంటున్నట్టు తల మాత్రం ఊపలేదు. “మా పైవాళ్లకి ఆధారం కావాలండీ.”

నేను పొట్టు మేస్త్రిని పిలిపించాను. జుట్టు నిండా ఎప్పుడూ రంపపు పొట్టు ఉండే ఆ వడ్రంగికి నేను ముందు రోజే చెప్పి ఉంచాను. రేకు డబ్బా ఒకటి తెచ్చి అద్దం బల్ల మీద బోర్లించాడు. నల్లని రబ్బరు తొడుగులు కుప్పగా పడ్డాయి. అవి కర్ర అడుగున వేసేవి. అన్నీ ఒక పక్కకే అరిగి ఉన్నాయి.

“ఆడవాళ్లవండీ. పిడి చేతికి పట్టడం లేదని వచ్చి చెక్కించుకుంటారు. కింద కూడా సన్నం చేస్తాను, అందుకే చిన్న తొడుగు. ఇవి అరిగితే మళ్లీ వస్తారు.”

“ఎవరితో వస్తారు?” అన్నాడు అధికారి.

“నా దగ్గర ఒక్కటే కుర్చీ బాబూ. పదేళ్లలో రెండోదాని అవసరం పడలేదు.”

“మరి ఇది రికార్డుల్లో ఎందుకు లేదు?”

“ముసలమ్మ కర్ర చెక్కి బిల్లు రాయమంటారా? ఏం మనిషండీ మీరు!”

కారణం అదే. మా మేస్త్రి ఊరికే చేసే పనికి బిల్లు ఉండదు. బిల్లు లేనిది పటంలోకి ఎక్కదు. పటంలో లేని ఆడది ఒంటరిగా నడవదని షరతు రాస్తారు. ఆమె నడిచిన గుర్తు మాత్రం రబ్బరు మీద మిగిలింది.

“రబ్బరు ముక్కలు పైకి ఎలా పంపనండీ?” అన్నాడు అధికారి, ఒక తొడుగును వేలితో తిప్పుతూ.

పొద్దుటి నుంచి నన్ను ఆపుతున్న మేనకోడలు కాగితాలను అతని వైపు నెట్టింది. “ఎలా పంపుతారో మీ ఇష్టం. ఏడో షరతు మారేదాకా నేను సంతకం పెట్టను. మీకు వద్దంటే మా పేరుతోనే చేసుకుంటాం.”

ఆమెను ఆపడానికి నేను బల్ల కింద కాలు తొక్కలేదు.

అధికారి తొడుగులన్నీ తిరిగి డబ్బాలో పోశాడు. పంపి చూస్తానన్నాడే తప్ప మారుస్తానని అనలేదు. మెట్ల దగ్గర మాత్రం, మర్యాదకో, పటం చెప్పినందుకో, నాకు చెయ్యి అందించాడు.

“చెయ్యి అక్కర్లేదు నాయనా,” అన్నాను. “రెండు చేతులతో ఆ డబ్బా పట్టుకో. జాగ్రత్త, బరువు.”

అతడి కన్నా ముందు నేనే మెట్లు దిగాను.