దుగ్గపనాయఁడును జింతమొద్దును

మూఁడుదినములు ముసురు పట్టి విడిచిన పిమ్మట హేమంతారంభవేళ మంచుకోన యను గిరిపల్లెయందు సూర్యుఁ డుదయించియు నుదయింపనివాఁడై తుషారధూసరమండలంబుతో మసకమసకగాఁ గనుపట్టుచుండ నీహారభారంబున వంగిన వెదురుపొదలనుండి జలకణంబు లెడతెగక రాలుచుండఁ బశువులు కొట్టములు విడువనొల్లక యొండొంటి మేనులకుఁ జేరఁబడి నెమరువేయుచుండెను.

అట్టి వేళ నా పల్లెతుదియింటి పెరటిలో దుగ్గపనాయఁ డను వృద్ధవీరుఁడు గొడ్డలి చేతఁబూని యొక చింతమొద్దు నెదుట నిలిచి దానిం బరమశత్రువుంబలెఁ జూచుచుండెను. ముప్పదియేండ్లు దుర్గరక్షకుఁడై పేరు గాంచి కొలువు చాలించిన యతని కుమారుఁడు కోటకావలికిఁ బోయియుండెను. నెలలు నిండకమున్నె ప్రసవించిన కోడలు చెన్నాంబయు నామె తొమ్మిదినాళ్ల పసికందును దక్క నింట నన్యు లెవ్వరును లేరు. బిడ్డ కెల్లవేళల వెచ్చఁదన ముండవలయునని మంత్రసాని మఱిమఱి చెప్పి పోయెను. ఎండుకట్టెలు నిన్నటితో నైపోయెను.

వేకువనే యతఁ డడవికేఁగి నేలఁబడిన కొమ్మలు మోపెడు తెచ్చెను గాని యవి నీరు ద్రావినవి యగుటంజేసి పొయ్యిలో నిడఁగనే బుసబుసలాడి నురుఁగు గ్రక్కెను. పిదపఁ జింతమొద్దుపైఁ బడెను. మొదటి వ్రేటునకే గొడ్డలి దిగఁబడి రాదయ్యెను. కాలు మోపి పెఱికి మరల వ్రేయ నది జాఱి మడమప్రక్క నేలం గొట్టెను. అరచేతులు బొబ్బలెక్కఁ జెమట కన్నులం గ్రమ్మఁ బండ్లు గొఱుకుచు వ్రేయఁగా వ్రేయఁగాఁ దుదకుఁ బిడి విఱిగి చేతఁ జిక్కెను.

"ఛీ, పాడుమొద్దా!" యని యా పిడి నావలికి విసరెను.

కట్టెలమ్మి బ్రదుకు పైడమ్మ యను నొంటరియాఁడుది కంచె కవ్వల నిలిచి యిది చూచి "దొరా! చింతమొద్దు ఏనుఁగునకైనను లొంగదు. నేను వచ్చి నాలుగు పేళ్లు చీల్చి యిత్తునా?" యనెను.

"గొడ్డలి పట్టుట నాకు నీవు నేర్పుదువా? నీ దారిం బొమ్ము!"

ఆమె తన గుడిసెకుఁ జనెను. అతఁడు లోనికేఁగి పొయ్యినిండఁ దడికొమ్మలు గ్రుక్కి దీపపుఁజమురు గుమ్మరించెను. మంట భగ్గున లేచి యంతలోఁ జచ్చి యిల్లెల్లఁ బొగ గప్పెను. ఆ పొగలోనుండి చెన్నాంబ బిడ్డను ఱొమ్మున కదుముకొని కన్నీరు గాఱ వెలికి వచ్చెను.

"మామగారూ! బిడ్డ పాదములు మంచుగడ్డలై యున్నవి. ఏడ్చుటకును నోపిక లేక యూరకున్నది. మీ పరువు పొయ్యిలోఁ బెట్టిన మండునా?"

ఎన్నఁడు నెదురాడని కోడలి మాట యీఁటెవలె నాటెను. అతఁడా చిఱుపాదము నంటి చూచి యులికిపడి పైడమ్మ గుడిసెకుఁ బరువిడి వాకిట నిలిచి "అమ్మా, నాకుఁ జేతఁగాలేదు. బిడ్డ చల్లఁబడుచున్న"దనెను.

పైడమ్మ నిష్ఠురమాడలేదు. అటకమీఁది యెండుపుల్లలును దన గొడ్డలియుఁ గొని యతనికంటె ముందు నడచెను. చింతమొద్దు వంక చూడనైనఁ జూడక తడికొమ్మల నిలువునఁ జీల్చి బెరడు దీసి లోనియెండుచేవ వెలికిఁ దెచ్చి పొయ్యిలోని కట్టెల సగము లాగి పాఱవైచెను.

"ఇంత క్రుక్కిన నిప్పున కూపి రాడునా దొరా? మంట మర్యాద నెఱుఁగదు. గాలినే యెఱుఁగును."

పుల్లలు చిటపటలాడి పేళ్లంటుకొనెను. కొంతతడవునకు బిడ్డ మేను వెచ్చఁబడి యాఁకలిగొని యిల్లదరునట్లు గుక్కపట్టి యేడ్చెను. చెన్నాంబ నవ్వెను. నాయఁడు మాత్రము పొక్కిన యరచేతులం జూచుకొనుచుఁ దనమీఁదఁ దనకుఁ గలిగిన కోపము చల్లాఱక మూల నొదిఁగి కూర్చుండెను.

మఱునాఁటి యుదయమునఁ బల్లెవారు చూడఁగా నతఁడు నెత్తిని గట్టెలమోపుతోఁ గొండవాలున జాఱుచుఁ దడఁబడుచు గొణుఁగుకొనుచుఁ బైడమ్మ వెనుక దిగివచ్చుచుండెను. నేర్వని పనియందు ముదిమియుఁ బసితనమే. ఆ మాట యొప్పుకొన్ననాఁడే యింట నిప్పు రాజుకొనును.